గట్టి రక్షణమునకు తెల్లపావుల తోవ

మహదేవపూరునుండి పాఠశాలల పందెములకు బోయిన మా అమ్మాయి గతమాసమున రెండాటలు ఓడివచ్చి, చదరంగపు పెట్టెను అటకపై బెట్టివేసినది. రెంటను తెల్లపావులు దానివే. రెంటను ఎదుటివారు పన్నినది కారో-కాన్ రక్షణమే. 1886లో దీనిని పరిశోధించిన కారో, కాన్ అను నిరువురి పేర్లే దానికి నిలిచినవి.

మేము చిన్ననాడు పెద్దలయొద్ద నేర్చిన యాటలో బంటు తొలుతనైనను ఒక్కగడియే కదలును గాన, ఈ చిక్కు మే మెరుగము. నేటి యాటలో తెల్లరాజు ముందరి బంటు రెండుగడులు నడువగనే, నల్లవారు మంత్రివైపు శకటు ముందరి బంటును ఒక్కగడి నడుపుదురు. తెల్లమంత్రి బంటు రెండుగడులు సాగగా, నల్లమంత్రి బంటు వచ్చి రాజుబంటును ఢీకొనును. దానికి ఆసరా ముందే సిద్ధమైయున్నది. అదియే దీని బలము.

అమ్మాయికి నేర్పువారు పండ్రెండు శాఖలు వ్రాసియిచ్చి కంఠస్థము చేయుమనిరట. అమరము వల్లెవేసి పెరిగిన మాకు వల్లెయన్న ద్వేషము లేదు. కాని అర్థము దెలియని వల్లె, ఎదుటివారు దారి తప్పగనే తెగిపోవును. కావున మేమును బల్లయొద్ద గూర్చుండి ఒక్కతోవనే యేర్చుకొంటిమి. ఢీకొనిన బంటును గొట్టివేయవలెను. నల్లవారు శకటుబంటుతో దిరిగి కొట్టుదురు. అంతట మన రాజువైపు శకటును మంత్రిబంటు వెనుకగడిలో నిలుపవలెను. ఏలయన, వారి మంత్రివైపు శకటు వెలికివచ్చి కూర్చుండగోరు గడి దాని చూపులో బడును. పిదప మన శకటుబంటును ఒక్కగడి జరిపి మంత్రిబంటునకు దన్నిచ్చి, రెండవ శకటును, గుఱ్ఱములను దీసి, కోట గట్టవలెను. రాజుబంటు పోయిన దారి మన యేనుగునకు రాజమార్గము. వారు మంత్రివైపు బంట్లను ద్రోయుచుండగా మనము గుఱ్ఱమును నడుమకు జొప్పించి రాజుపై బోవలెను.

1970లో బెల్‌గ్రేడున ఫిషర్ ఈ తోవనే పట్టి పెట్రోసియనును గెలిచెను. ఇది చప్పిడి యాటయని కొందరందురు. వంటకును బట్టల మడతలకును నడుమ అరగంట చిక్కువారికి చప్పిడియే పథ్యము!

2017లో తల్లియైన కోనేరు హంపి 2019లోను, 2024లోను ర్యాపిడ్ ఆటలో ప్రపంచ విజేత యైనదని చెప్పి ధైర్యము గొలుపబోగా, “ఆమె యెక్కువగా మంత్రిబంటుతో గదా మొదలిడును?” అని అమ్మాయి మమ్మే సవరించినది.

ఆదివారము మావారు నల్లపావులు పట్టిరి. అమ్మాయి 14వ యెత్తున గుఱ్ఱమును బోగొట్టుకొని ఓడినది. పెట్టె మాత్రము అటక యెక్కలేదు. “శకటును ముందే తీయవలసినదమ్మా” యనుచు బల్లపై పావులు మరల సర్దినది.