రైలు కిటికీకి ఏ నీరు?

పట్టణాలలో నీటి ఎద్దడి ప్రస్తావన వచ్చినప్పుడల్లా తాగునీటి గురించీ, సాగునీటి గురించీ చర్చ జరుగుతుంది. కడగడానికి వాడే నీటి సంగతి ఎవరికీ పట్టదు. రైలు పెట్టెలు, బస్సులు, ఆస్పత్రులు, అద్దాల మేడలు నిత్యం కడిగించుకుంటూనే ఉంటాయి. ఆ నీరు ఎక్కడినుంచి వస్తున్నదో, ఎంత శుద్ధమైనదో, వాడిన తర్వాత ఎటు పోతున్నదో లెక్క చెప్పే ఆనవాయితీ మన దేశంలో ఇంకా స్థిరపడలేదు. తాగడానికి పనికివచ్చే నీటితో చక్రాలు కడగడం, అద్దానికి పనికిరాని నీటితో అద్దం కడగడం రెండూ ఒకే అవివేకానికి రెండు ముఖాలు. పనికి తగిన నీరు అనే సూత్రాన్ని విధానంగా స్వీకరిస్తే తప్ప ఈ దుబారా ఆగదు.

ఈ మాట చెప్పడానికి ఖరగ్‌పూర్ కంటే తగిన పట్టణం లేదు. రైలు కోసం పుట్టి, రైలు మీద బతుకుతున్న పట్టణమది. బెంగాల్-నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడింది. వాల్తేరు వరకు ఉన్న తూర్పు కోస్తా మార్గపు ఉత్తర భాగం 1902లో ఆ సంస్థలో కలిసింది. అప్పటినుంచి ఉత్తరాంధ్ర జిల్లాల వారికి ఖరగ్‌పూర్ వర్కుషాపు జీవనాధారాలలో ఒకటైంది. బి.ఎన్.ఆర్. కార్మికోద్యమానికి వి.వి. గిరి నాయకత్వం వహించిన సంగతి పాఠకులకు తెలిసినదే. నాలుగైదు తరాలుగా అక్కడ స్థిరపడిన తెలుగువారి సంఖ్యను గుర్తించే పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాషలలో చోటు కల్పించింది. ఆ పట్టణంలోని మలంచా వంటి పేటలలో ఇంటి కుళాయి ఎంతసేపు వస్తుందన్న ప్రశ్నా, పక్కనే ఉన్న రైల్వే లైన్ల మీద నీరు ఎలా ఖర్చవుతున్నదన్న ప్రశ్నా వేర్వేరు కావు.

ఖరగ్‌పూర్‌కూ మేదినీపూర్‌కూ నడుమ కంసావతి ప్రవహిస్తుంది. స్థానికులు కాసాయి అని పిలుచుకునే ఈ నది వర్షాధారం. వానకాలంలో పొంగి, వేసవిలో ఇసుక మేటల మధ్య పాయగా మిగులుతుంది. పట్టణం నిలిచి ఉన్నది ఎర్రని రాతి మట్టి మిట్ట మీద. ఇటువంటి చోట ప్రతి లీటరుకూ విలువ కట్టవలసిందే.

రైలు పెట్టెలను కడిగే పాత పద్ధతికీ, కొత్త పద్ధతికీ ఉన్న తేడాను రైల్వే శాఖ స్వయంగా ప్రకటించింది. గొట్టాలతోనూ చీపురు కుంచెలతోనూ కడిగితే ఒక్కొక్క పెట్టెకు 1,500 లీటర్లు పడుతుందనీ, యంత్రాల ద్వారా కడిగితే 300 లీటర్లు చాలుననీ, అందులోనూ 80 శాతం వాడిన నీటినే శుద్ధిచేసి తిరిగి వాడడం వల్ల కొత్తగా కావలసినది 60 లీటర్లు మాత్రమేననీ బెంగళూరులో నెలకొల్పిన యంత్రం సందర్భంగా నైరుతి రైల్వే వెల్లడించింది. ఇరవై నాలుగు పెట్టెల రైలుకు ఈ లెక్క వర్తింపజేస్తే పాత పద్ధతిలో 36,000 లీటర్లు, కొత్త పద్ధతిలో 1,440 లీటర్లు అవుతుంది. మురుగునీటి వ్యవస్థ ఉన్న పట్టణాలలో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది మన దేశంలో పాటిస్తున్న ప్రమాణం. అంటే ఒక్క రైలును కడగడంలో మిగిలే నీరు సుమారు 256 మందికి ఒక రోజు అవసరాలు తీర్చగలదు. ఈ ఒక్క అంకె చాలు, ఇది కేవలం శుభ్రతకు సంబంధించిన విషయం కాదని గ్రహించడానికి.

ఆరిన తర్వాత మిగిలేది

నీటిని తిరిగి వాడితే చాలు, సమస్య తీరిపోతుందని అనుకోరాదు. ఇక్కడే అద్దం అడ్డు వస్తుంది. ఇనుప రేకు మీద కనబడని మరక అద్దం మీద స్పష్టంగా కనబడుతుంది. నీరు ఆవిరవుతుంది గాని, అందులో కరిగి ఉన్న లవణాలు ఆవిరి కావు. లీటరుకు 300 మిల్లీగ్రాముల లవణాలున్న నీరు 20 మిల్లీలీటర్ల మేర అద్దం మీద నిలిచి ఆరిపోతే, 6 మిల్లీగ్రాముల తెల్లని పొడి అక్కడే ఉండిపోతుంది. ఒకసారికి అది లెక్కలోనిది కాదు. కాని ఎండలో కాగే అద్దం మీద వారాల తరబడి అదే జరిగితే సున్నపు గార ఏర్పడుతుంది. నీటిలోని సిలికా అద్దాన్ని మరింత గట్టిగా పట్టుకుంటుంది. ఆపైన దానిని వదిలించడానికి ఆమ్లాలు వాడవలసి వస్తుంది. అవి అద్దం చుట్టూ ఉన్న రబ్బరునూ, లోహాన్నీ దెబ్బతీయడమే గాక, వాటిని రుద్దే మనిషి చేతులనూ ఊపిరితిత్తులనూ కూడా వదలవు. వాడిన నీటినే పదేపదే తిప్పితే లవణాల సాంద్రత పెరుగుతూ పోతుంది కనుక, నీటి పొదుపు పెరిగినకొద్దీ మరకలూ పెరిగే ప్రమాదమున్నది.

పూర్వం కిటికీ తలుపు పైకెత్తి ప్రయాణికుడు బయటికి చూసేవాడు. ఇప్పుడు ఎయిర్ కండిషన్డ్ పెట్టెలలో కదలని అద్దాలే ఉన్నాయి. 2019లో తొలి వందే భారత్ రైలు పట్టాలెక్కింది. 2023లో హౌరా-పూరీ వందే భారత్ ఖరగ్‌పూర్ మీదుగా మొదలైంది. అరకు దారిలో 2017లో ప్రవేశపెట్టిన విస్టాడోమ్ పెట్టెకు ప్రయాణికులు అదనపు చార్జీ చెల్లించేది కొండలను చూడడానికే. అద్దం మసకబారితే ఆ చార్జీకి అర్థం లేదు. అద్దం మీద మరక రైల్వేకు ఆదాయంతో ముడిపడిన వ్యవహారమైంది.

విచిత్రమేమంటే నీటి గుణం గురించి రైల్వేకు తెలిసినంతగా పూర్వం మరే ప్రభుత్వ సంస్థకూ తెలియదు. ఆవిరి ఇంజను బాయిలరులో గార కడితే బొగ్గు వృథా అవుతుంది, గొట్టాలు పగులుతాయి. అందుకే లోకో షెడ్లలో నీటి కాఠిన్యాన్ని పరీక్షించేవారు. కఠిన జలం ఉన్న చోట్ల మెత్తబరిచే ఏర్పాట్లుండేవి. బాయిలర్లను గడువు ప్రకారం కడిగేవారు. పెట్టెలలోని దీపాల బ్యాటరీలకు స్వేదనజలమే పోసేవారు. ఆ పనిలో తెలుగు కార్మికులూ పాలుపంచుకున్నారు. ఆవిరి ఇంజన్లతో పాటు ఆ జాగ్రత్త కూడా వెళ్లిపోవలసిన అవసరమేమీ లేదు.

శుద్ధికీ మూల్యమున్నది

అద్దాలను వృత్తిగా శుభ్రపరిచేవారు విదేశాలలో నాలుగు అంచెల ఏర్పాటు వాడుతున్నారు. మొదట మట్టినీ తుక్కునూ ఆపే వడపోత. తరువాత క్లోరిన్‌ను పీల్చే బొగ్గు. దాని వెనుక రివర్స్ ఆస్మాసిస్ పొర. క్లోరిన్ ఆ పొరను పాడుచేస్తుంది కనుకనే బొగ్గు ముందుండాలి. పొర దాటిన నీటిలో మిగిలిన కొద్దిపాటి లవణాలను రెజిన్ గుళికలు పీల్చుకుంటాయి. అలా వచ్చిన నీరు ఆరిన తర్వాత అద్దం మీద ఏమీ మిగలదు; గుడ్డతో తుడవవలసిన పనీ లేదు, సబ్బు కూడా అవసరం లేదు.

ఈ అంచెల క్రమంలో ఆర్థికం ఇమిడి ఉన్నది. లీటరుకు 300 మిల్లీగ్రాముల లవణాలున్న నీటిని నేరుగా రెజిన్‌లోకి పంపితే అది త్వరలోనే అలసిపోతుంది. ముందు పొర ద్వారా పంపి 15 మిల్లీగ్రాములకు తగ్గిస్తే అదే రెజిన్ ఇరవై రెట్ల నీటిని శుద్ధిచేయగలదు. కేవలం మెత్తబరిచే యంత్రంతో సరిపెట్టుకుందామనుకుంటే అది సగం పరిష్కారం. అది కాల్షియం, మెగ్నీషియంల స్థానంలో సోడియంను చేరుస్తుంది. గార గట్టిగా పట్టదు గాని, మొత్తం లవణాలు తగ్గవు గనుక మరక మాత్రం పడుతుంది.

అయితే రివర్స్ ఆస్మాసిస్ కొంత నీటిని తోసివేస్తుంది. ఈ దుబారాను దృష్టిలో పెట్టుకునే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు లవణాలున్న నీటికి ఈ యంత్రాల వాడకాన్ని నిషేధించాలనీ, వాడే చోట 60 శాతానికి పైగా నీటిని రాబట్టాలనీ కేంద్రానికి సూచించింది. ఆ ఆదేశం ప్రధానంగా తాగునీటి యంత్రాల గురించి. కాని అందులోని నీతి అద్దాలకూ వర్తిస్తుంది. 100 లీటర్లలో 60 లీటర్లు శుద్ధజలంగా వస్తే, మిగిలిన 40 లీటర్లలోకి దాదాపు లవణాలన్నీ చేరి సాంద్రత లీటరుకు 750 మిల్లీగ్రాముల వరకు పెరుగుతుంది. అది అద్దానికి పనికిరాదు గాని, పెట్టె అడుగు భాగానికీ, నేల కడగడానికీ నిక్షేపంగా పనికివస్తుంది. దానిని కాలువలో వదిలే యంత్రాన్ని అనుమతించరాదు. శుద్ధజలం కావలసినది చివరి విడత కడుగుకు మాత్రమే. మొదటి విడతకు తిరిగి వాడిన నీరు చాలు.

ఆకాశం ఇచ్చే నీరు

శుద్ధజలాన్ని యంత్రంతోనే తయారు చేయాలన్న నియమమూ లేదు. వాన నీటిలో లవణాలు అత్యల్పం. మేదినీపూర్ ప్రాంతంలో సాలుకు సుమారు 1,500 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. వెయ్యి చదరపు మీటర్ల కప్పు మీద పడే నీరు 15 లక్షల లీటర్లు. అందులో 80 శాతం పట్టగలిగితే 12 లక్షల లీటర్లు. పైన చెప్పిన కొత్త పద్ధతి ప్రకారం ఒక రైలుకు 1,440 లీటర్ల కొత్త నీరు సరిపోతుందనుకుంటే, ఆ ఒక్క కప్పు ఏడాదికి 833 సార్లు రైలును కడగగలదు. వర్కుషాపుల, షెడ్ల కప్పుల వైశాల్యం వేల చదరపు మీటర్లలో ఉంటుంది. తొలి జల్లుల మురికిని వదిలివేయడం, నాలుగు నెలల వానను మిగతా నెలలకు నిలువ చేయడం ఖర్చుతో కూడిన పనులే. అయినా నదిలో పాయ సన్నబడే వేసవిలో తాగునీటి గొట్టం మీద భారం తగ్గుతుందంటే ఆ ఖర్చును వృథా అనలేము.

విదేశీ పద్ధతులను యథాతథంగా దిగుమతి చేసుకోవడంలో ప్రమాదమున్నది. అక్కడ భవనాల అద్దాలకు పొడుగాటి కర్ర చివర గొట్టం, కుంచె అమర్చి నేల మీద నిలబడే కడుగుతారు. నిచ్చెన అవసరం లేనందున అది సురక్షితమని పేరు. మన రైల్వే లైన్ల మీద 25,000 వోల్టుల తీగలు వేలాడుతుంటాయి. వాటి కింద పొడుగాటి కర్ర ఎత్తడమంటే మృత్యువును పిలవడమే. శుద్ధజలం విద్యుత్తును అంతగా ప్రసరింపజేయదన్న మాట నిజమే గాని, దుమ్ము తాకిన మరుక్షణం ఆ గుణం పోతుంది. కాబట్టి విద్యుత్ సరఫరా నిలిపివేసిన లైను మీద తప్ప ఎత్తైన భాగాల కడుగుడు పని జరగరాదు. పని కాంట్రాక్టుకు ఇచ్చినంత మాత్రాన కార్మికుని ప్రాణానికి బాధ్యత కాంట్రాక్టుకు పోదు.

ఈ చర్చ రైళ్లతో ఆగేది కాదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుంచి హైదరాబాద్ పడమటి దిక్కంతా అద్దాల మేడలతో నిండిపోయింది. ఆ నగరం కృష్ణా, గోదావరి జలాలను సుదూరం నుంచి ఎత్తిపోసుకుంటున్నది. వాటిని అద్దాలకు వాడితే అపరాధం. బోరు నీటిని వాడితే గార. తాళ్లకు వేలాడుతూ ఆ గారను ఆమ్లంతో గీకే కూలీ ఈ రెండు తప్పులకూ మూల్యం చెల్లిస్తున్నాడు. విశాఖలో సముద్రపు ఉప్పుగాలి దీనికి అదనం.

గొంతు తడపడానికే నీరు లేని చోట అద్దాల తళుకు గురించి చర్చ ఏమిటని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే అద్దాలు కడగడం ఎటూ ఆగదు. దానికి ప్రత్యేకమైన నీరు ఏర్పాటు చేయనంతకాలం అది తాగునీటిలోనే వాటా అడుగుతుంది. అద్దం నీటిని వేరు చేయడం వల్ల గొంతు నీరు మిగులుతుంది.

చేయవలసినవి అసాధ్యమైనవి కావు. ప్రతి కడుగుడు డిపోలోనూ తాగునీరు, తిరిగి వాడే నీరు, అద్దపు నీరు అనే మూడు గొట్టాలు వేరుగా ఉండాలి. అద్దపు నీటిలోని లవణాలను రోజూ కొలవాలి. ఆ మీటరు ఖరీదు వందల రూపాయలలోనే ఉంటుంది. తోసివేసిన నీటికి రెండవ ఉపయోగం చూపించనిదే యంత్రం కొనరాదు. పెద్ద కప్పులన్నింటికీ వాన నీటి తొట్లు అమర్చాలి. ఆమ్లాల వాడకాన్ని మానిపించి, తప్పని చోట చేతి తొడుగులు, ముఖ కవచాలు ఇవ్వాలి. అన్నింటికంటే ముఖ్యంగా, ఎన్ని పెట్టెలు కడిగారు, ఎంత కొత్త నీరు వాడారు అన్న లెక్కను ప్రతి నెలా జనం చూసే చోట బోర్డు మీద రాయాలి. ఖరగ్‌పూర్‌లో ఆ బోర్డు బెంగాలీ, హిందీలతో పాటు తెలుగులోనూ ఉండడం న్యాయం. 2020లో లభించిన గుర్తింపు కాగితం మీద మిగిలిపోకుండా, మలంచా కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలుచున్న గృహిణి తన వంతు నీరు ఎటు పోయిందో తన భాషలో చదువుకోగలగాలి.