కర్త ఎక్కడ?

ఒక ఇంగ్లీషు వాక్యం చూడండి. 'ద క్వాలిటీ ఆఫ్ ద మ్యాంగోస్ సోల్డ్ ఇన్ ద సిటీ మార్కెట్స్ హ్యావ్ ఫాలెన్.' నగరంలోని మార్కెట్లలో అమ్మే మామిడిపళ్ల నాణ్యత పడిపోయిందని దాని భావం. అందులో ఒక తప్పుంది. 'హ్యావ్' ఉన్నచోట 'హ్యాజ్' ఉండాలి. పడిపోయింది నాణ్యత, పళ్లు కావు. అమెరికా కాలేజీల్లో ప్రవేశానికి రాసే శాట్‌లో ఇలాంటి ప్రశ్నలు ఎప్పటినుంచో వస్తున్నాయి. ఏకవచనం, బహువచనం సంగతి తెలియనివాళ్లే వీటిలో తప్పుతారనుకుంటే పొరపాటు. ఆ నియమాన్ని నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలవాళ్లూ తప్పుతారు.

ఇదే విషయం తెలుగులో రాయమనండి. 'మామిడిపళ్ల నాణ్యత పడిపోయాయి' అని ఐదో తరగతి పిల్లాడు కూడా రాయడు. ఇంగ్లీషులో తడబడే బుర్ర తెలుగులో ఎందుకు తడబడదు? మాతృభాష కాబట్టి అని సరిపెట్టుకోవచ్చు. కానీ అసలు కారణం వాక్యం కట్టులో ఉంది. తెలుగులో విశేషణాలన్నీ నామవాచకానికి ముందే వచ్చేస్తాయి. నగరంలోని, మార్కెట్లలో, అమ్మే, మామిడిపళ్ల... అన్నీ వరసగా ముందు నడిచాక చివర్లో 'నాణ్యత' వస్తుంది, దాని పక్కనే క్రియ. కర్తా క్రియా భుజం భుజం రాసుకుంటూ ఉంటాయి కాబట్టి పొరపాటుకు సందే లేదు. ఇంగ్లీషులో ఆ ఊరేగింపు తిరగబడుతుంది. కర్త ముందే వచ్చి నిలబడుతుంది. దాని తోకంతా వెనక వస్తుంది. క్రియ దగ్గరికి చేరేసరికి పక్కన కనిపించేది కర్త కాదు, 'మార్కెట్స్' అనే దారినపోయే బహువచనం. పరీక్ష పెట్టేవాడికి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే కర్తకూ క్రియకూ మధ్య జనాన్ని నింపుతాడు.

అంటే ఈ ప్రశ్న పరీక్షించేది నియమం తెలుసా లేదా అన్నది కాదు. ఇరవై పదాల గుంపులో కర్త ఎక్కడుందో పట్టుకోగలరా అన్నది. మన దగ్గర ఇంగ్లీషు వ్యాకరణం చెప్పే తీరులో ఈ పట్టుకోవడమనే పని దాదాపు లేదు. దశాబ్దాలుగా మన ఇళ్లలో అట్టలూడిపోయి దొరికే రెన్ అండ్ మార్టిన్ పుస్తకాన్ని తీసుకోండి. (ఆ రెన్ అప్పటి బొంబాయి ప్రెసిడెన్సీ విద్యాశాఖలో పనిచేసినవాడే. 1924లో 'బో జెస్ట్' అనే సాహస నవల రాసి అంతకంటే ఎక్కువ పేరు తెచ్చుకున్నాడు.) పుస్తకం మంచిదే. కానీ దాన్ని వాడిన తీరులో నియమాలు కంఠస్థమయ్యాయి, చూపు అలవడలేదు. ఆర్టికల్స్, ప్రిపొజిషన్ల మీద నెలలు గడిచిపోతాయి. బ్యాంకు, స్టాఫ్ సెలక్షన్ పరీక్షల్లో అవి పనికొస్తాయి కూడా. శాట్ వాటిని పెద్దగా పట్టించుకోదు.

మరి అదేం అడుగుతుంది? మన దేశంతో సహా అమెరికా బయట 2023 మార్చి నుంచి, అమెరికాలో 2024 మార్చి నుంచి శాట్ కంప్యూటర్ మీదికి మారింది. చదవడం, రాయడం కలిపిన విభాగంలో 64 నిమిషాలు, 54 ప్రశ్నలు. వాటిలో 11 నుంచి 15 దాకా వ్యాకరణానివే. ఒక చిన్న పేరా, అందులో ఒక ఖాళీ, నాలుగు జవాబులు. వాక్యం ఎక్కడ ముగిసింది, ఎక్కడ ముగియలేదు అన్నది ఒక రకం. కర్తకు తగిన క్రియ, నామవాచకానికి తగిన సర్వనామం, విశేషణం దేనికి అతుక్కుంది అన్నవి రెండో రకం. కోవిడ్ రోజుల్లో ఈ పరీక్షను పక్కనబెట్టిన అమెరికా విశ్వవిద్యాలయాలు కొన్ని దాన్ని తిరిగి తప్పనిసరి చేశాయి. ఎంఐటీ 2022లోనే చేసింది, హార్వర్డ్ 2024లో ప్రకటించింది. అందువల్ల ఇంటర్ చదువుతూ డిగ్రీకే అక్కడికి వెళ్లాలనుకునే తెలుగు పిల్లలకు ఈ డజను ప్రశ్నలు మళ్లీ లెక్కలోకి వచ్చాయి.

ఇక్కడే ఒక తమాషా ఉంది. ఈ ప్రశ్నలకు కావలసిన సరంజామా చాలావరకు మన తెలుగు వాచకంలో ఇప్పటికే ఉంది. సమాపక క్రియ, అసమాపక క్రియ అని హైస్కూల్లో చెబుతారు గుర్తుందా? 'వచ్చాడు' అంటే వాక్యం ముగిసింది. 'వచ్చి', 'వస్తూ', 'వస్తే' అంటే ముగియలేదు, ఇంకేదో రావాలి. వాక్యం ముగిసిందా అని శాట్ అడిగే మొదటి రకం ప్రశ్నలో సగం ఇదే. ఇంగ్లీషులో 'ఇంగ్' చేర్చిన పదం ఒంటరిగా కనబడితే అది అసమాపకం. దాని తర్వాత ఫుల్‌స్టాప్ పెడితే వాక్యం గాల్లో వేలాడుతుంది. తెలుగులో 'ఆయన ఊరు నుంచి వస్తూ' అని రాసి చుక్క పెట్టం కదా.

రాజనీతి శాస్త్రం చదివినవాళ్లకు ఇందుకు అన్నింటికన్నా మంచి ఉదాహరణ రాజ్యాంగ పీఠికే. ఇంగ్లీషులో అది మొత్తం ఒకే ఒక్క వాక్యం. కర్త మొట్టమొదట ఉంటుంది, 'వుయ్', అంటే మనం, భారత ప్రజలం. తర్వాత సార్వభౌమాధికారం, న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అన్నీ వస్తాయి. 1976లో 42వ సవరణ చేర్చిన మాటలు కూడా అందులోనే ఇమిడాయి. మరి క్రియ ఏది? 'రిజాల్వ్‌డ్' అని చాలామంది ఠక్కున చెప్పేస్తారు. దాని ముందు 'హ్యావింగ్' ఉంది చూడండి. తెలుగులో అది 'తీర్మానించుకుని', అంటే అసమాపకం. అసలు క్రియలు చిట్టచివర ఉన్నాయి. ఆమోదించడం, శాసనం చేసుకోవడం, మనకు మనమే ఇచ్చుకోవడం. మధ్యలో అన్ని ఆదర్శాలు ఉన్నా అవన్నీ తీర్మానంలో భాగం. వాక్యం చేసే పని మాత్రం రాజ్యాంగాన్ని ఇచ్చుకోవడం. పీఠికను ఏటా నవంబర్ 26న చదివి వినిపిస్తారు. దాని కర్తనూ క్రియనూ ఒక్కసారి బోర్డు మీద గుర్తించి చూపిస్తే వ్యాకరణం పాఠమూ అవుతుంది, పౌరశాస్త్రమూ అవుతుంది.

ఇంకో ఉదాహరణ. 'వాకింగ్ టు ద స్టేషన్, ద రెయిన్ సోక్డ్ అజ్.' చూడ్డానికి బాగానే ఉంది. తెలుగులోకి మార్చండి: 'స్టేషన్‌కు నడుస్తూ వాన మమ్మల్ని తడిపేసింది.' వాన స్టేషన్‌కు నడిచి వెళుతోందన్నమాట! శత్రర్థకానికీ ప్రధాన క్రియకూ కర్త ఒకటే ఉండాలన్నది మనకు పుట్టుకతో వచ్చిన తెలివిడి. 'అన్నం తిని రాము బడికి వెళ్లాడు' అన్నప్పుడు తిన్నదెవరు అని ఎవరూ అడగరు. ఇంగ్లీషులో దీనికో పెద్ద పేరుంది, కోచింగ్ సెంటర్లలో దానికి విడిగా ఒక క్లాసుంది. వాక్యాన్ని మనసులో ఒకసారి తెలుగు చేసుకుని నవ్వొస్తే అందులో తప్పున్నట్టే. నాకు తెలిసి ఇంతకన్నా చవకైన చిట్కా లేదు.

అయితే ఈ చిట్కా ప్రతిచోటా పారదు. 'వానలు కురిసి చెరువులు నిండాయి' అన్నది చక్కటి తెలుగు. కురిసింది వానలు, నిండింది చెరువులు, కర్తలు వేరు. కారణం చెప్పేటప్పుడు తెలుగు ఈ వెసులుబాటు ఇస్తుంది. ఇంగ్లీషు ఇవ్వదు. కామా దగ్గరైతే తెలుగు మనకు పూర్తిగా అడ్డం తిరుగుతుంది. 'రాత్రికి రాత్రి ఏరు పొంగింది, ఊరివాళ్లు బడిలోకి మారారు' అని మనం నిక్షేపంగా రాస్తాం, పత్రికలూ అచ్చేస్తాయి. అదే పద్ధతిలో ఇంగ్లీషు రాస్తే శాట్‌లో సున్నా. రెండు పూర్తి వాక్యాలను కామా ఒక్కటే కలపలేదు. సెమీకోలన్ కావాలి, లేదా 'అండ్' లాంటి మాట తోడు రావాలి, లేదంటే ఫుల్‌స్టాప్ పెట్టాలి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడ. ఎందుకంటే ఇక్కడ చెవి సాయం చేయదు, నియమమే దిక్కు.

ఆ నియమం ఎవరిది అన్న ప్రశ్న కూడా లేకపోలేదు. 2002 అక్టోబర్‌లో అమెరికాలో శాట్‌కు సన్నాహకంగా పెట్టే పీశాట్‌లో రచయిత్రి టోనీ మోరిసన్ ప్రతిభ గురించి ఒక వాక్యం ఇచ్చి తప్పుందా అని అడిగారు. తప్పు లేదన్నది పరీక్ష పెట్టినవాళ్ల జవాబు. మేరీలాండ్‌లో హైస్కూలు విద్యార్థులకు జర్నలిజం చెప్పే ఒక ఉపాధ్యాయుడు అడ్డం తిరిగాడు. వాక్యంలో 'మోరిసన్స్' అని షష్ఠీ విభక్తిలో ఉన్న పదమే ఉంది, తర్వాత వచ్చే 'హర్' అనే సర్వనామం ఎవరిని సూచిస్తుంది, మోరిసన్ అనే మనిషి వాక్యంలో లేదుగా అన్నది ఆయన వాదన. చాలా వ్యాకరణ పుస్తకాలు ఈ నియమాన్ని లక్ష్యపెట్టవు. భాషావేత్తలు దాన్ని కొట్టిపారేశారు కూడా. కానీ కొన్ని పుస్తకాల్లో ఉంది. నెలల తరబడి ఉత్తరాలు నడిచాక 2003లో ఆ ప్రశ్ననే తొలగించి మార్కులు మళ్లీ లెక్కగట్టాల్సి వచ్చింది. నన్నడిగితే ఆ వాక్యంలో తప్పేమీ లేదు. కానీ ఇంగ్లీషు తమ సొత్తనుకునే దేశంలోనే ఒక చిన్న సర్వనామం మీద ఇంత రభస జరిగిందంటే, ఇక్కడ కూర్చుని 'నాకు ఇంగ్లీషు రాదు' అని తల దించుకునే కుర్రాడికి అది కాస్త ఊరట.

ఆ కుర్రాడి గురించే ఇదంతా. ఎందుకంటే ప్రవేశ పరీక్షల్లో ఈ వ్యాకరణ ప్రశ్న మెల్లగా కనుమరుగవుతోంది. మేనేజ్‌మెంట్ కోర్సులకు పెట్టే జీమ్యాట్‌లో సెంటెన్స్ కరెక్షన్ అంటే ఒకప్పుడు పెద్ద పేరు. వాక్యంలో కొంత భాగం కింద గీత గీసి ఐదు రూపాలిస్తారు, అందులో సరైనది ఎంచుకోవాలి. 2023 నవంబర్‌లో వచ్చిన కొత్త రూపంలో దాన్ని ఎత్తేశారు. పాత పరీక్ష 2024 జనవరి ఆఖరుతో ముగిసిపోయింది. మన ఐఐఎంల క్యాట్‌లో నేరుగా వ్యాకరణం అడగడం అంతకు చాలా ముందే తగ్గిపోయింది. లా కోర్సులకు పెట్టే క్లాట్ 2020 నుంచి పేరాలు చదివి జవాబులిచ్చే పద్ధతికి మారింది. అన్నిచోట్లా వాదన ఒకటే. వ్యాకరణం బట్టీ పడితే వచ్చేస్తుంది, కోచింగ్ వాళ్లు దాన్ని చిట్కాల మూటగా మార్చేశారు, చదివి అర్థం చేసుకోవడమే అసలు పరీక్ష.

వాదనలో నిజం లేకపోలేదు. ఎంబీఏ క్లాసులో కేసు చదివి వాదించాలి గానీ వాక్యంలో కామా వెతకరు. అయినా నాకిది మింగుడుపడదు. వ్యాకరణ ప్రశ్నకు ఒక గుణం ఉండేది. దానికి హద్దుంది. ముప్పయి నలభై విషయాలు, ఆరేడు నెలల శ్రమ, అంతే. మండల కేంద్రంలో జడ్పీ హైస్కూల్లో తెలుగు మీడియం చదివి, డిగ్రీలో మొదటిసారి ఇంగ్లీషు పుస్తకం తెరిచినవాడు కూడా పట్టుదలగా కూర్చుంటే నగరంలోని కాన్వెంటు విద్యార్థితో సమానంగా మార్కులు తెచ్చుకోగలిగేవాడు. పేరా చదివి రచయిత గొంతులో వ్యంగ్యం ఉందో లేదో చెప్పమనే ప్రశ్నకు ఆ హద్దు లేదు. ఇంట్లో ఇంగ్లీషు పత్రిక వచ్చిందా, పదేళ్ల వయసు నుంచి కథల పుస్తకాలు కొనిచ్చారా, భోజనాల దగ్గర ఆ భాష మాట్లాడారా అన్నవి అక్కడ జవాబును నిర్ణయిస్తాయి. ఆరు నెలల్లో సంపాదించలేని వాటిని ప్రతిభ అని పిలుస్తున్నాం.

అదృష్టమో ఏమో, చూపు అలవడ్డవాడికి వ్యాకరణం ఆ పేరాల్లో కూడా అక్కరకొస్తుంది. క్యాట్‌లో ఐదు పంక్తుల వాక్యం అర్థం కాకపోతే అందులో కష్టమైన పదం ఉందని నిఘంటువు తిరగేస్తాం. చాలాసార్లు పదాలన్నీ తెలిసినవే. కర్త మొదటి పంక్తిలో, క్రియ నాలుగో పంక్తిలో ఉండి మధ్యలో దారి తప్పి ఉంటాం. పీఠిక చదివినట్టు క్రియను వెతికి, దాన్ని చేసిందెవరో పట్టుకుంటే మిగతాది దానంతటదే సర్దుకుంటుంది.

ఇక బడుల సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులను ఇంగ్లీషు మీడియంలోకి మార్చాలని 2019లో ఉత్తర్వులిచ్చారు, 2020లో హైకోర్టు వాటిని కొట్టేసింది. తెలంగాణ 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టింది. ఏ మీడియం మంచిదన్న తగవు ఇప్పట్లో తెగేది కాదు. కానీ ఆ తగవు మధ్యలో రెండు రాష్ట్రాలూ ఒక పనికొచ్చే పని చేశాయి. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో ఉండే ద్విభాషా పుస్తకాలు అచ్చేశాయి. ఒక వాక్యంలో కర్త ముందు, తోక వెనక. పక్క పేజీలో తోక ముందు, కర్త వెనక. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించడానికి ఇంతకంటే మంచి బోధనోపకరణం ఉండదు. అది సైన్సు పుస్తకం, వ్యాకరణానికి పనికొస్తుందని ఎవరికీ తట్టినట్టు లేదు.

పదో తరగతి తెలుగు పరీక్షలో రెండు సామాన్య వాక్యాలిచ్చి సంక్లిష్ట వాక్యంగా మార్చమంటారు. పిల్లలు ఠకఠకా రాసేస్తారు. అదే వారంలో ఇంగ్లీషు పరీక్ష. రెండు వాక్యాలిచ్చి 'హూ' లేదా 'విచ్'తో కలపమంటారు. అడిగింది దాదాపు అదే లెక్క. తెలుగులో 'నిన్న వచ్చిన మనిషి' అని ధాతుజ విశేషణం రాసిన చేయి ఇక్కడ ఆగిపోతుంది. అది ఇదేనని చెప్పాల్సిన తెలుగు మాస్టారూ ఇంగ్లీషు టీచరూ ఒకే స్టాఫ్‌రూంలో టీ తాగుతుంటారు.