పంట కాపలా తుపాకీకి లైసెన్సు ఉంటే దుప్పిని కాల్చవచ్చా?

శ్రీ సిటీ చుట్టూ సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో అడవి అంచున చేను ఉన్న రైతుకు రాత్రి కాపలా కొత్త కాదు. చెనక్కాయ ఊడలు దిగే వేళకు అడవి పందులు వస్తాయి, లేత పైరు మీదికి దుప్పులు వస్తాయి. అప్పుడు ఊళ్లో ఎవరో ఒకరు అనే మాట, 'తుపాకీకి లైసెన్సు తెచ్చుకుంటే సరిపోతుంది కదా' అని. సరిపోదు. ఇక్కడ రెండు వేర్వేరు చట్టాలున్నాయి.

మొదటిది 1959 నాటి ఆయుధాల చట్టం. పంట రక్షణ కోసం గొట్టంలో మందు కూరి పేల్చే తుపాకీకి లైసెన్సు ఇవ్వవచ్చని ఇందులోని 13వ సెక్షన్ చెబుతోంది. అది చాలదని అధికారికి నమ్మకం కలిగితే వేరే రకం తుపాకీకీ ఇవ్వవచ్చు. దరఖాస్తు మీద పోలీసు విచారణ జరుగుతుంది. లైసెన్సు ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో దాని మీదే రాసి ఉంటుంది. మనది తమిళనాడు సరిహద్దు కాబట్టి ఆ వరుస తప్పక చూసుకోండి. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు తుపాకీని స్టేషన్‌లో అప్పగించమంటే అప్పగించాలి.

అసలు చిక్కు రెండో చట్టంతో వస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ వేటను నిషేధించింది. వేట అంటే కాల్చడం ఒక్కటే కాదు. ఉచ్చు వేయడం, విషం పెట్టడం, పట్టుకోవడం, అందుకు ప్రయత్నించడం కూడా వేటే. అంటే తుపాకీ లైసెన్సు మీ చేతిలో తుపాకీ ఉండటానికి అనుమతి, అంతే. జంతువును కాల్చడానికి 11వ సెక్షన్ కింద అటవీ శాఖ నుంచి రాతపూర్వక అనుమతి విడిగా ఉండాలి. మన రాష్ట్ర జంతువు కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది. ఆ షెడ్యూలు జంతువులకు పంట నష్టం కారణంగా ఆ అనుమతి కూడా రాదు. రెండో షెడ్యూలులో ఉన్న అడవి పంది విషయంలో పంట నష్టాన్ని కారణంగా చూపి అడగవచ్చు. మీద పడిన జంతువు నుంచి ప్రాణం కాపాడుకోవడానికి చంపితే నేరం కాదు. అయితే ఆ మినహాయింపు మనిషి ప్రాణానికే, పంటకు కాదు. చచ్చిన జంతువు ప్రభుత్వ ఆస్తి. 48 గంటల్లోగా పోలీసులకో అటవీ అధికారులకో తెలపాలి. కూర వండుకుంటే అది మరో కేసు.

శిక్షలు చిన్నవి కావు. 2022 సవరణ తర్వాత సాధారణ ఉల్లంఘనకు మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మొదటి షెడ్యూలు జంతువైతే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు. లైసెన్సు లేని నాటు తుపాకీ దొరికితే 2019 సవరణ ప్రకారం రెండు నుంచి ఐదేళ్లు. దాన్ని తయారు చేసినవాడికి ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా. 1998 నాటి కృష్ణజింక కేసులో సల్మాన్ ఖాన్‌కు 2018లో జోధ్‌పూర్ కోర్టు ఐదేళ్లు వేసింది. కోర్టుల చుట్టూ తిరిగే స్తోమత ఆయనకుంది. రెండెకరాల రైతుకు వకీలు ఫీజుకే చేను పోతుంది.

తుపాకీ కన్నా ఎక్కువ భయపడాల్సింది కరెంటు తీగకు. లైను నుంచి నేరుగా తీసి చేను చుట్టూ కట్టిన తీగకు పంది, మనిషి అన్న తేడా తెలియదు. పొద్దున్నే నీళ్లు కట్టడానికి వచ్చిన పక్క చేను రైతు పడిపోతే విద్యుత్ చౌర్యం కేసుతో పాటు మనిషి చావు కేసూ మీ మీదే. నాటు బాంబులూ అంతే. మేతకు వెళ్లిన ఆవు దాన్ని కొరికితే దవడ పోతుంది.

మరి రైతు ఏం చేయాలి? కేరళ ప్రభుత్వం 2022లో, పంట పాడుచేసే అడవి పందులను లైసెన్సు ఉన్నవారితో కాల్పించే అధికారం స్థానిక సంస్థల అధ్యక్షులకు ఇచ్చింది. మన దగ్గరా అనుమతి పంచాయతీ స్థాయికి రావాలన్నది నా అభిప్రాయం. పంది ఒక్క రాత్రిలో చేను తవ్వేస్తుంది, కాగితం అంత వేగంగా కదలదు.

అంతవరకు నష్టపరిహారాన్ని వదులుకోకండి. ఈ-పంటలో పైరు నమోదై ఉండాలి. నష్టం జరిగిన ఉదయమే అడుగుల గుర్తులు చెరిగిపోకముందు ఫోటోలు తీయండి. బీట్ అధికారికి, రైతు సేవా కేంద్రంలో రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు అడగండి. అడవి జంతువుల నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమాలో చేర్చుతామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. 72 గంటల్లోగా పంటల బీమా యాప్‌లో ఫోటోతో తెలపాలి. ఏ జంతువులు, ఏ జిల్లాలు అన్నది రాష్ట్రం నోటిఫై చేయాలి. తిరుపతి జిల్లా, దుప్పి, అడవి పంది ఆ జాబితాలో ఉన్నాయో లేదో బీమా గడువుకు ముందే వ్యవసాయ అధికారిని అడిగి తెలుసుకోండి. లేకపోతే మీ ఊరి రైతులంతా కలిసి ఒకే అర్జీ పెట్టండి.