పొగబండా? పొదుపుబండా?

జూబిలీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర సాయంకాలం పూట పది నిమిషాలు నిలబడితే చాలు, మన దేశపు మోటారు సైకిళ్ళ చరిత్ర అంతా చెవిన పడుతుంది. ముందు బుల్లెట్టు వస్తుంది, పొరుగు వీధిలో పెళ్ళిడోలు మోగినట్లు. 1955లో మద్రాసులో మొదలైన వంశం అది. నడకలో ఆ పెద్దరికం ఉంటుంది. దాని పక్కనుంచి నూరూ నూటయాభై సీసీల బళ్ళు కుట్టుమిషనులా సన్నగా చప్పుడు చేసుకుంటూ ఇళ్ళకు పోతుంటాయి. అంతలో ఎక్కడినుంచో ఒక పాత యమహా ఆర్‌ఎక్స్ 100, రంపంతో రేకు కోసినట్లు కీచుమని దూసుకువచ్చి, నీలిపొగ వదిలి, ఫిల్మ్‌నగర్ వైపు మాయమవుతుంది. నలభై దాటిన మగవాళ్ళందరూ తల తిప్పి చూస్తారు. ఆడవాళ్ళందరూ ముక్కుకు పమిటచెంగు అడ్డుపెట్టుకుంటారు.

మొదట చెప్పినవి ఫోర్‌స్ట్రోకు జాతి. చివరిది టూస్ట్రోకు. ఈ రెండు వర్గాల అభిమానులకీ ఏనాటినుంచో పడదు. రోడ్డుమీద ఆ తగాదా ఎప్పుడో తీరిపోయింది గాని, ఇప్పుడది గుట్టలెక్కింది. సెలవురోజు వస్తే కుర్రకారు వికారాబాదు వైపో, రాచకొండ వైపో పోయి, మట్టిబాటల మీదా రాళ్ళమీదా బళ్ళు తోలుతున్నారు. అందుకు పనికివచ్చే బండిని డర్ట్ బైకు అంటారు. అది టూస్ట్రోకు అయి ఉండాలా, ఫోర్‌స్ట్రోకు అయి ఉండాలా అన్నదే ఈ వారం మన ముందున్న ప్రశ్న.

ప్రశ్న నాది కాదు, మా మేనల్లుడిది. వాడికి ఇరవైరెండేళ్ళు. సినిమాలకు గ్రాఫిక్సు చేసే ఒక ఆఫీసులో ఉద్యోగం. అక్కయ్యా వాడూ ఫిల్మ్‌నగర్‌లో ఒక సందులో మేడమీద వాటాలో ఉంటారు. మా బావగారు పోయి మూడేళ్ళయింది. ఏడాదిపాటు జీతంలో మిగిల్చిన డబ్బుతో వాడు బండి కొంటానన్నాడు. ఆఫీసులో స్నేహితులు రెండు పార్టీలుగా చీలిపోయి వాడి చెవిలో జోరీగల్లా చేరేరు. "మామయ్యా, నువ్వు చెబితే అమ్మ వింటుంది" అని నా దగ్గరకు వచ్చేడు.

వాడి వెనకాలే అక్కయ్య టెలిఫోను చేసింది. "తమ్ముడూ, రెండు స్ట్రోకులూ నాలుగు స్ట్రోకులూ నాకేం తెలుస్తాయి? ఏ బండి తక్కువ పడుతుంది? పడితే వీడు ఒక్కడూ ఏది లేపుకోగలడు? ఆ రెండూ కనుక్కుని చెప్పు, చాలు" అంది. స్నేహితులందరూ వేగం గురించీ చప్పుడు గురించీ వాదిస్తున్నారు. అసలు అడగవలసిన ప్రశ్న ఎన్నడూ బండి ఎక్కని మా అక్కయ్య అడిగింది.

ముందు ఈ స్ట్రోకుల సంగతి తేల్చుకుందాం. ఇంజను సిలిండరును రోలు అనుకోండి, పిస్టనును రోకలి అనుకోండి. టూస్ట్రోకు బండిలో రోకలి దిగిన ప్రతిసారీ దంపుడే. గాలీ పెట్రోలూ లోపలికి రావడం, మండడం, పొగ బయటికి పోవడం అన్నీ ఒకే చుట్టులో ముగిసిపోతాయి. ఫోర్‌స్ట్రోకులో రోకలి ఒకసారి దంచుతుంది, మరోసారి ఊక ఊడ్చి కొత్త గింజలు వేసుకుంటుంది. అంటే రెండు చుట్లకు ఒక్క దంపు. అంచేత ఒకే పరిమాణం ఉన్న ఇంజన్లలో టూస్ట్రోకుకు బలం ఎక్కువ. వాల్వులూ వాటిని నడిపే సరంజామా కూడా ఉండవు కాబట్టి బరువు తక్కువ, విప్పి బిగించడం తేలిక.

మరి ఇంత మంచిదాన్ని రోడ్డుమీదినుంచి ఎందుకు తరిమేశారు? ఊక ఊడ్చే తొందరలో కొన్ని మంచి గింజలు కూడా బయటికి పోతాయి. కాలని పెట్రోలు కొంత పొగతోబాటే జారిపోతుంది. పైగా ఇంజనుకు కావలసిన నూనె పెట్రోలుతో కలిసి మండిపోతుంది. ఆ నీలిపొగ దానిదే. 1985లో మన దేశంలో రెండు బళ్ళు వచ్చాయి. ఒకటి ఆర్‌ఎక్స్ 100, రెండోది ఫోర్‌స్ట్రోకు హీరో హోండా సీడీ 100. మొదటిది కుర్రవాళ్ళ మనసు దోచింది, రెండోది సంసారుల పర్సు కాపాడింది. 1996లో ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగిపోయింది. 2000లో వచ్చిన పొగ నిబంధనల తరవాత కంపెనీలు ఒక్కొక్కటే టూస్ట్రోకు మోటారు సైకిళ్ళను మానుకున్నాయి. అయినా ఆ మోజు చావలేదు. 2018లో ఆ బండి పేరుతోనే మనవాళ్ళు ఒక తెలుగు సినిమా తీస్తే జనం విరగబడి చూశారు.

పోటీల ప్రపంచంలోనూ ఇదే కథ. మోటోక్రాస్ పందాల్లో చాలాకాలం టూస్ట్రోకులదే రాజ్యం. 1998లో యమహావారు వైజెడ్ 400ఎఫ్ అనే ఫోర్‌స్ట్రోకును అమ్మకానికి తెచ్చాక గాలి మారింది. నిబంధనల్లోనే 250 సీసీ టూస్ట్రోకుకు 450 సీసీ ఫోర్‌స్ట్రోకును సమానంగా నిలబెట్టారు. ఎడారుల్లో వేల కిలోమీటర్లు పరుగెత్తే డాకర్ ర్యాలీ ఇప్పుడు 450 సీసీ ఫోర్‌స్ట్రోకుల పందెం. 2015లో దాన్ని పూర్తిచేసిన మొట్టమొదటి భారతీయుడు సి.ఎస్. సంతోష్. కాని రొమేనియా కొండల్లో 2004 నుంచి రోమానియాక్స్ అనే మరో పోటీ జరుగుతోంది. నిటారు కొండలు, వాగులు, బండరాళ్ళు. అక్కడ నేటికీ 300 సీసీ టూస్ట్రోకులంటే మొగ్గు ఎక్కువ. దూరాభారానికి ఫోర్‌స్ట్రోకు, కొండరాళ్ళకు టూస్ట్రోకు అని దీన్నిబట్టి ఒక లెక్క తేలుతుంది.

"అదుగో, మనవీ రాళ్ళే కదా!" అన్నాడు మా మేనల్లుడు. మనవీ రాళ్ళే, సందేహం లేదు. జూబిలీహిల్స్ బంగళాలు లేచింది ఆ రాళ్ళమీదే. 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు అది. కాని ఆ రాయి ఎండకూ వానకూ చిట్లి చిట్లి గరుసు మొరంగా రాలుతుంది. నున్నటి బండమీద ఆ మొరం పరుచుకుంటే గచ్చుమీద జొన్నలు పోసినట్లే, కాలు పెడితే జారుతుంది. అలాంటి చోట బలం ఎంత ఉందన్నదానికంటే అది ఎంత నిదానంగా అందుతుందన్నదే ముఖ్యం. పాతకాలపు టూస్ట్రోకు ఇంజను కొంత వేగందాకా నిద్రపోతున్నట్లు ఉండి, ఆపైన ఒక్కసారి ఉలిక్కిపడి లేస్తుంది. చెయ్యి తిరిగినవాడికి అది సరదా. కొత్తవాడికి వెనకచక్రం పక్కకు పోవడమే. ఫోర్‌స్ట్రోకు అడుగునుంచీ సమంగా లాగుతుంది.

ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఒక ఎత్తు. ఫోర్‌స్ట్రోకులో యాక్సిలేటరు వదిలేస్తే ఇంజనే బండిని వెనక్కు పట్టుకుంటుంది. బ్రేకుమీద భారం తగ్గుతుంది. టూస్ట్రోకులో ఆ పట్టు బహు స్వల్పం. మొరంలో ముందు బ్రేకు గట్టిగా పట్టితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. పెట్రోలులో నూనె కలిపి పోసే బళ్ళకు యాక్సిలేటరు మూసి పొడుగాటి దిగుడు దిగితే పెట్రోలుతోబాటు నూనె కూడా అందదు. మధ్యమధ్య కాస్త ఇస్తూ ఉండకపోతే ఇంజను పట్టేస్తుంది.

కృష్ణానగర్‌లో ముప్పయ్యేళ్ళుగా పానా పట్టిన ఒక మెకానిక్కును పోషణ సంగతి అడిగేను. "టూస్ట్రోకు పసిపిల్ల లాంటిదండి, ఊరికే ఏడుస్తుంది, ఊరికే ఊరుకుంటుంది. ఫోర్‌స్ట్రోకు ఏడవదు. ఏడిస్తే మాత్రం ఆస్పత్రే" అన్నాడు. నూనె కొలత తప్పకూడదు. నలభైకి ఒకటి అని పుస్తకంలో ఉంటే లీటరు పెట్రోలుకు 25 మిల్లీలీటర్లు. సైలెన్సరులో పేరుకున్న మసి అప్పుడప్పుడు దులపాలి. పిస్టనూ రింగులూ తరచు మార్చాలి, కాని ఒక పూటలో అయిపోతుంది. ఫోర్‌స్ట్రోకుకు వేళకు నూనె మార్చి, వాల్వుల సందు చూపిస్తూ ఉంటే చాలాకాలం జోలికి పోనక్కరలేదు. పాడయితే మాత్రం ఖర్చు పెద్దది.

ఇక బరువు. పోటీబళ్ళలో రెండు జాతులకూ తేడా కొద్ది కిలోలే. కాని మనం కొనగలిగిన బళ్ళ తేడా అది కాదు. ఆర్‌ఎక్స్ 100 సుమారు నూరు కిలోలు. రోడ్డుకూ మట్టికీ పనికివచ్చేలా 2019లో వచ్చిన హీరో ఎక్స్‌పల్స్ 200 సుమారు 158 కిలోలు. 2016లో వచ్చిన హిమాలయన్ 190 దాటుతుంది. అక్కయ్య రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడ టూస్ట్రోకు పక్షాన ఉంది. మొదటి ప్రశ్నకు జవాబు ఫోర్‌స్ట్రోకు పక్షాన ఉంది.

తాసు అటూ ఇటూ ఊగకుండా చేసింది చట్టం. అచ్చమైన పోటీబళ్ళకు రిజిస్ట్రేషను ఉండదు. విదేశాల్లో ఇప్పుడు కొత్తరకం టూస్ట్రోకులు వస్తున్నాయి. 2017 నుంచి కేటీఎంవారివి కొన్నింటిలో కార్బురేటరు కూడా లేదు, నూనె అదే కలుపుకుంటుంది. కాని అవి లక్షల్లో ధర, పైగా రోడ్డెక్కితే నేరం. వ్యానులో వేసుకుని తీసుకుపోవాలి. పాత ఆర్‌ఎక్స్ కొని మార్పులు చేయిద్దామంటే, రిజిస్ట్రేషనులో ఉన్న బండి రూపు ఇష్టం వచ్చినట్లు మార్చరాదు. 15 ఏళ్ళు దాటిన బండికి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి కూడాను. ఇంట్లో పద్ధెనిమిది నిండని పిల్లలున్నవారు ఇంకొక్క సంగతి గుర్తుంచుకోవాలి. 2019 సవరణ ప్రకారం పిల్లవాడు బండి తోలి నేరం చేస్తే పెద్దవాళ్ళకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళదాకా జైలు.

ఎక్కడ తోలాలన్నది కూడా తేల్చుకుని కొనాలి. ఇంటిపక్కనే కె.బి.ఆర్. పార్కు ఉంది కదా అనుకోవద్దు. అది 1998 నుంచి జాతీయవనం. నెమళ్ళ చోటు, మన చక్రాల చోటు కాదు. మూసీనది పుట్టిన అనంతగిరి కొండల్లోనైనా సరే, అటవీశాఖ అనుమతి లేకుండా రిజర్వు అడవిలో బండి పెట్టకూడదు. పొలంగట్టు అయితే రైతును అడగాలి.

ఇవన్నీ కూడి నేను చెప్పింది ఇది. మొదటి బండి రిజిస్ట్రేషను ఉన్న చిన్న ఫోర్‌స్ట్రోకు అయి ఉండాలి. వాడినదైనా ఫరవాలేదు, అలా మిగిలిన డబ్బుతో ముందు మంచి హెల్మెట్టు, చీలమండ దాటి వచ్చే బూట్లు, మోకాలి కవచాలు కొనాలి. రెండేళ్ళు తోలి చెయ్యి తిరిగాక, అప్పటికీ టూస్ట్రోకు పిచ్చి ఉంటే, అప్పుడు చూసుకోవచ్చు.

బరువు బెంగ మాత్రం మిగిలింది. దానికి సినిమాల్లో ఫైట్లు చేసి విరమించిన పొరుగాయన ఒక ఉపాయం చెప్పేడు. స్నేహితుడి ఎక్స్‌పల్స్ తెప్పించి, ఇంటిముందు పాత పరుపు వేసి, దానిమీద బండిని పడుకోబెట్టించేడు. మేనల్లుడు హేండిలు పట్టుకుని చేతులతో గుంజేడు, కదలలేదు. "చేతులతో కాదు బాబూ, కాళ్ళతో" అన్నాడాయన. గేరులో పెట్టాలి, దొర్లకుండా. బండికి వీపు తిప్పి, సీటుకు నడుము ఆనించి గొంతుక్కూచోవాలి. ఒక చెయ్యి హేండిలుకు, ఒక చెయ్యి వెనక కడ్డీకి. నడుము నిటారుగా ఉంచి, చిన్నచిన్న అడుగులతో వెనక్కు నడవాలి. బండి లేచింది. మళ్ళీ పడుకోబెట్టేరు, మళ్ళీ లేపేడు. మూడోసారీ లేపేడు. నాలుగోసారి కాళ్ళు వణికి సగంలో వదిలేశాడు.

అక్కయ్య మేడమెట్ల మీద కూర్చుని అంతా చూసింది. కాసేపు ఏమీ అనలేదు. తరవాత, "సరే, కొనుక్కో. ఒక్కడివీ వెళ్ళకు. మూడుసార్లు పడ్డ రోజు ఇంక చాలించి ఇంటికి వచ్చెయ్యి" అంది.

మట్టిబాటల మీద బండి తోలే పిల్లలున్న ఇళ్ళన్నిటికీ ఇంతకు మించిన నియమం నాకు తోచలేదు.