బెండ మొక్కలకు అప్పుడే మందు కొట్టొద్దు

ఈ నెల గోడపత్రికలో మన తోట గురించి రాస్తున్నాను. నా రాతలో తప్పులుంటే క్షమించండి. కానీ చివరి దాకా చదవండి, ఎందుకంటే ఆదివారం లోపల చదవాల్సిన సంగతి ఇది.

వంటగది వెనక మనం వేసిన బెండ మొక్కల ఆకులు తెల్ల తెల్ల చుక్కలు పడి పాలిపోయినాయి. కింది ఆకులు ఎండి రాలుతున్నాయి. ఆదివారం మందు కొట్టిస్తామని చెప్పారు. మందు డబ్బా కూడా తెచ్చి పెట్టారు. నేను వద్దంటున్నాను. వార్డెన్ మేడమ్ గారు మన మంచికే చెప్పారని నాకు తెలుసు, అయినా వద్దంటున్నాను.

సైన్స్ మేడమ్ దగ్గర భూతద్దం అడిగి తీసుకుని ఆకు తిప్పి అడుగున చూశాను. సాలెగూడు లాంటి సన్నటి దారాలున్నాయి. వాటిలో అర మిల్లీమీటరు కూడా లేని జీవాలు, ఒంటి మీద చెరో పక్క నల్ల చుక్క. వీటిని రైతులు ఎర్రనల్లి అంటారు. పేరుకే ఎర్ర, మన తోటలో ఉన్నవి పసుపు రంగులో ఉన్నాయి. ఎనిమిది కాళ్లుంటాయి కాబట్టి ఇవి సాలీడుకు చుట్టాలు. (మంచంలో ఉండే నల్లి వేరే, దానికి ఆరు కాళ్లే. నేను రూములో "నల్లి, నల్లి" అనగానే అందరూ లేచి దుప్పట్లు దులిపారు!) ఇవి ఆకు రసం పీలుస్తాయి. ఎండ ముదిరి, ఆకుల మీద దుమ్ము పడితే మరీ పెరుగుతాయి. గుడ్డు పెద్దదై మళ్లీ గుడ్డు పెట్టడానికి వారం పది రోజులు చాలు.

అయితే వాటి మధ్యలో ఇంకొకటి కనిపించింది. నున్నగా మెరుస్తోంది, కాళ్లు పొడుగు, ఒక్కచోట నిలవకుండా పరుగు. ఒక గుడ్డు దగ్గర ఆగింది, చాలాసేపు కదల్లేదు. నేను మేడమ్‌ని పిలిస్తే ఆమె కూడా చూసి, "ఇది నల్లిని తినే నల్లి" అన్నారు. నాకు ఆ రోజు అన్నం కూడా గుర్తు రాలేదు.

మేడమ్ చెప్పిన దాన్ని బట్టి ఇలాంటివి చాలా జాతులున్నాయి. అన్నిటికన్నా పేరున్నది ఫైటోసియులస్ పెర్సిమిలిస్. చిలీ దేశం నుంచి జర్మనీకి వచ్చిన ఆర్కిడ్ మొక్కల మీద దాన్ని కనుక్కున్నారు. అది రోజుకు 5 పెద్ద నల్లుల్ని గానీ 20 గుడ్లను గానీ తింటుంది. నెదర్లాండ్స్‌లో యాన్ కోపర్ట్ అని ఒక దోసకాయ రైతు ఉండేవాడు. అక్కడ చలి ఎక్కువ కాబట్టి గాజు ఇళ్లలో పంట పండిస్తారు. ఆయన తోటలో ఎర్రనల్లి మందులకు చావడం మానేసింది. పైగా ఆయన ఒంటికి మందులు పడేవి కావు. అందుకని ఆయన ఈ నల్లుల్నే పెంచి తోటలో వదిలాడు, 1967లో వేరే రైతులకు అమ్మడం కూడా మొదలుపెట్టాడు. స్పెయిన్‌లో అల్మేరియా అనే చోట బెంగళూరు మిరప పండిస్తారు. 2006 చివర్లో ఆ కాయల్లో వాడకూడని మందు ఉందని జర్మనీలో బయటపడింది. ఆ దెబ్బతో అక్కడి మిరప రైతులు ఒకటి రెండేళ్లలోనే దాదాపు అందరూ తెల్లదోమకు, తామర పురుగుకు స్విర్‌స్కీ అనే ఇంకో జాతి నల్లిని వదలడం మొదలుపెట్టారు.

మిరప అంటే నాకు మా నాన్న గుర్తొస్తాడు. మా నాన్నకు అక్షరం రాదు. కానీ ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని చూడగానే చెప్తాడు. ఇదే సంగతి వ్యవసాయం పుస్తకంలో ఉంటే నేను నాన్నకు చదివి వినిపించాను, ఆయన నవ్వాడు. 2021లో మిరప చేలకు నల్ల తామర వచ్చిన ఏడు నాన్న ఒక ఆసామి దగ్గర మందు కొట్టే కూలికి పోయాడు. మూతికి తువాలు ఒక్కటే కట్టుకునేవాడు. ఒకరోజు ఇంటికొచ్చి వాంతులు చేసుకుని రెండు రోజులు లేవలేదు. మూడో రోజు మళ్లీ పోయాడు, అప్పు ఉంది కాబట్టి. అంత కొట్టినా ఆ చేను దక్కలేదు.

మందు కొడితే ఎర్రనల్లి చావదా అని మీరు అడగొచ్చు. కొన్ని చస్తాయి. గూడు కింద ఉన్నవి, గుడ్లు కొన్ని మిగిలిపోతాయి. కానీ ఆకు మీద పరుగెత్తి తిరిగేది ముందు చస్తుంది. అప్పుడు మిగిలిన ఎర్రనల్లికి అడ్డం ఎవరున్నారు? మళ్లీ వస్తుంది, ముందుకన్నా ఎక్కువ వస్తుంది. మళ్లీ డబ్బా కొనాలి. ఇంకో సంగతి, రోజు విడిచి రోజు ఆ బెండకాయలు కోసేది అయిదో తరగతి చెల్లెళ్లు. చేతులు కడుక్కోకుండానే పరుగెత్తుతారు, మనకు తెలియదా!

మా బెంచీలో ఒకమ్మాయి "నీ నల్లి తినేలోపల మొక్కలే ఉండవు" అంది. ఆమె మాట పూర్తిగా తప్పు కాదు. బాగా ఎండిన మొక్కను ఇది బతికించలేదు. వంకాయలో దూరిన పురుగును కూడా తినదు. సీసాలో పొట్టులో కలిపి అమ్మే పెర్సిమిలిస్ తెచ్చినా మన ఎండకు బాగా పనిచేయదు, దానికి తేమ కావాలి, 30 డిగ్రీలు దాటితే కష్టం. కానీ మనం కొనక్కర్లేదు. నియోసియులస్ లాంజిస్పైనోసస్ అనే జాతి మన దేశంలోనే ఉంది. నేను చూసింది అదో కాదో చెప్పలేను, ఏదైనా గానీ గుడ్డు తింటుంటే చూశాను.

మా ఊళ్లో మామిడి చెట్టు మీద ఎర్రచీమల గూళ్లుంటే ఎవరూ తగలబెట్టరు. కొన్ని తీసి పచ్చడి చేసుకుంటాం, మిగతావి వదిలేస్తాం. ఆ చీమలు ఉన్న చెట్టుకు పురుగు తక్కువ అని మా అవ్వ అంటుంది. చైనాలో 1700 ఏళ్ల కిందటే నారింజ తోటల్లో ఇలాంటి చీమల గూళ్లు కట్టేవాళ్లని మేడమ్ చెప్తే అవ్వ మాటకు నాకు గర్వం అనిపించింది. బయట చాలామంది మనకు ఏమీ తెలియదనుకుంటారు.

అందుకని వార్డెన్ మేడమ్ గారిని అడిగేది ఇది. మాకు 15 రోజులు ఇవ్వండి. బాగా ఎండిన ఆకులు మేం కోసి దూరంగా కాల్చేస్తాం. పొద్దున పూట ఆకుల అడుగున నీళ్లు గట్టిగా చల్లుతాం, దుమ్ము పోతుంది, ఎర్రనల్లి కొంత కొట్టుకుపోతుంది. మొక్కకు మూడాకులు చూసి ఏది ఎన్ని ఉన్నాయో నోటు పుస్తకంలో రాస్తాం. 15 రోజులకు ఎర్రనల్లి పెరిగితే నేనే వచ్చి చెప్తాను. అప్పుడైనా అన్ని వరసలకూ కొట్టకండి, బావి పక్క రెండు వరసలు వదిలేయండి, తేడా తెలుస్తుంది.

లెక్క రాయడానికి నాతో ఇద్దరున్నారు, ఇంకో ముగ్గురు కావాలి. భూతద్దం ఒక్కటే ఉంది కాబట్టి వంతులు వేసుకోవాలి. వచ్చేవాళ్లు సాయంత్రం స్టడీ గంట కొట్టకముందే తోట దగ్గరికి రండి, చీకటి పడితే ఏమీ కనపడదు.

— 9వ తరగతి