సంసారం: విడువవలసినది ఏది?

"సంసారాన్ని విడువనిదే ముక్తి లేదు" అనే ఉపదేశం విన్న తెలుగు సాధకుని మనస్సులో మొదట మెదిలేది భార్యాబిడ్డలు. శాస్త్రం ఉద్దేశించినదో జననమరణ పరంపర. ఈ అర్థభేదాన్ని విస్మరించడం వలన సాధనామార్గంలో కలుగుతున్న అనర్థం స్వల్పం కాదు.

'సమ్' ఉపసర్గతో కూడిన 'సృ' ధాతువు నుండి సంసార శబ్దం నిష్పన్నమైంది. ఎడతెగక సాగిపోవడం దాని మూలభావం. హిందీలో అది ప్రపంచం, మలయాళంలో సంభాషణ. మలయ్, ఇండోనేషియా భాషలలో 'సెంగ్సారా' అయి యాతనను తెలుపుతుంది. థాయి భాషలో 'సోంగ్‌సాన్' అయి, భవచక్రమనే ధార్మికార్థాన్ని నిలుపుకొంటూనే, వ్యవహారంలో జాలిపడటాన్ని సూచిస్తుంది. భవచక్రంలో పరిభ్రమించే జీవిని తలచి ఒక జాతి దుఃఖాన్ని పేర్కొంటే, మరొక జాతి కరుణను పేర్కొన్నది.

తెలుగులో అది గృహస్థజీవనం. 'సంసారి' కుటుంబీకుడు, 'సంసారపక్షం' మితవ్యయం, 'సంసార స్త్రీ' గౌరవవాచకం. బంధాన్ని చెప్పిన శబ్దమే ఇక్కడ మర్యాదను చెప్పింది. దీనిని అర్థపతనమనడం సమంజసం కాదు. శాస్త్రం వర్ణించిన ప్రవాహాన్ని జనులు ప్రత్యక్షంగా అనుభవించే స్థానం ఇల్లే కదా!

శ్రీశైలం నుండి వెలుగోడు జలాశయానికి చేరిన కృష్ణాజలం బ్రహ్మంగారిమఠం, సోమశిల, కండలేరు మీదుగా చెన్నపట్టణం వరకు సాగుతుంది. జలాశయంలో నిలిచినంత మాత్రాన నీటికి గమనం ఆగిపోలేదు; గృహంలో నిలిచినంత మాత్రాన జీవునికి ముముక్షుత్వం నశించదు. ఆ జలమార్గంలోని మఠంలో సమాధినొందిన పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి గోవిందమ్మతో గృహస్థధర్మాన్ని నడిపిన యోగి. ఆళ్లగడ్డ చేరువలోని అహోబిలంలో నారసింహుడే మాలోలుడై లక్ష్మీసమేతుడు, చెంచులకు అల్లుడు. గీతలో భగవానుడు కర్మచేతనే సిద్ధినొందినవారికి ఉదాహరణగా చెప్పినది జనకుని.

మరి విడువవలసినది ఏది? శంకరాచార్యుల సిద్ధాంతంలో సంసారానికి మూలం అవిద్య. "నేను కర్తను, నేను భోక్తను" అనే అభిమానమే దాని స్వరూపం. అది గృహంలోనూ ఉంటుంది, కాషాయం వెంట ఆశ్రమానికీ వస్తుంది. సన్న్యాసం శ్రుతివిహితం, పూజ్యం. కానీ వృద్ధులైన తల్లిదండ్రులను, తనపై ఆధారపడిన ఇల్లాలిని ఉపేక్షించి, ఆ ఉపేక్షకు వైరాగ్యమని పేరు పెట్టడం కేవలం పదభ్రాంతి.

కనుక ప్రవచనకర్తలు ఈ శబ్దాన్ని ఏ అర్థంలో ప్రయోగిస్తున్నారో స్పష్టపరచడం వారి ధర్మం. శ్రోతలలో ఆ ఇల్లాలు కూడా ఉంటుంది. త్యజించవలసిన బంధం తానేనన్న భావంతో ఆమె సభ నుండి లేచిపోరాదు.