లాడమా, లాయమా?

గడచిన మాఘమాసమున మా బంధువుల యింట జరిగిన యొక వివాహమునకు మేము పోయితిమి. అది కట్నము పుచ్చుకొనని వివాహము. ఆ మాటను శుభలేఖపై ముద్రించుకొనిరి గూడ. ఐనను వరుని గుఱ్ఱముపై నూరేగింపవలెనని యువకులు పట్టుబట్టిరి. ఉత్తరాదినుండి సినిమాల వెంట మన యూళ్ళకు దిగివచ్చిన యీ బరాతును గూర్చి మా యభిప్రాయ మిచ్చట చెప్పము. అది వేఱొక వ్యాసమునకు తగిన విషయము. తెల్లని యాడుగుఱ్ఱము, మేళతాళములు, విద్యుద్దీపములు, సిమెంటు రోడ్డు. ఆ గుఱ్ఱము ముందరి కుడికాలు నేలపై మోపుట కిష్టపడక, మోపినను వెంటనే తీసికొనుచు, నాలుగడుగుల కొకమారు తడబడుచుండెను. జనులది నాట్యమనుకొని చప్పట్లు చఱచిరి.

ఊరేగింపు ముగిసిన పిమ్మట గుఱ్ఱము యజమానిని పిలిచి ఆ కాలెత్తి చూపుమని కోరితిమి. ముప్పదియేండ్లలోపు పడుచువాడు, మొగమాటపడుచునే చూపెను. గిట్ట లాడమును మించి పెరిగి దాని యంచులపైనుండి క్రిందికి వ్రాలినది. మడమలు రెండును దగ్గఱకు నొక్కుకొనిపోయినవి. వాని నడుమ నుండవలసిన మెత్తని భాగము కుళ్ళి కంపు గొట్టుచుండెను. లాడము కొట్టించి యెన్నాళ్ళయినదని యడిగితిమి. "దసరాకు ముందండి, మాస్టారూ" అని తల వంచుకొనెను.

ప్రక్కనున్న న్యాయవాది మిత్రుడు క్రొత్త లాడము వేయించిన సరిపోవుననెను. వరుని తమ్ముడు, ఆంగ్లగ్రంథములు చదివినవాడు, లాడమును పెఱికి పాఱవేసిన సరిపోవుననెను. అడవిగుఱ్ఱములకు లాడము లెవరు కొట్టిరని మమ్ము నిలవేసెను. భోజనములవేళ వఱకు ఈ వాదమే సాగినది. ఇరువురును విద్యావంతులే, ఇరువురును దయగలవారే. ఇరువురును పొరబడిరని చెప్పుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

న్యాయవాది వాదము లోకమంతయు నమ్మునది. తాతలనాటినుండి గుఱ్ఱమునకు లాడము కలదు, కావున లాడము లేని గుఱ్ఱము నడువజాలదు అని. తాతలనాటివన్న మాత్రమున మంచివి కావని యీ పత్రిక చదువరులకు మేము క్రొత్తగా బోధింపనక్కఱలేదు. బాల్యవివాహమును తాతలనాటిదే. కాని మా ప్రశ్న వేఱు: ఏ తాతనాడు? గ్రీకు సేనాని జెనొఫను క్రీ.పూ. 4వ శతాబ్దమున అశ్వారోహణమును గూర్చి యొక చిన్న గ్రంథము వ్రాసెను. గుఱ్ఱమును కొనువాడు మొదట పాదములే చూడవలెననియు, పునాది చెడిన యింటికి పైయందము నిరర్థకమైనట్లే కాళ్ళు చెడిన గుఱ్ఱమునకు తక్కిన శోభ నిరర్థకమనియు, మంచి గిట్ట నేలను తాకినపుడు కంచుతాళమువలె మ్రోగుననియు అందు చెప్పెను. యుద్ధమునకు గుఱ్ఱమును నడపినవాని గ్రంథమది. అందు మేకులతో కొట్టు లాడము మాటయే లేదు. మన కౌటిల్యుని యర్థశాస్త్రమున రెండవ యధికరణములో అశ్వాధ్యక్షుని గూర్చి ప్రత్యేకాధ్యాయము కలదు. గుఱ్ఱముల కొలతలు, దాణా, శాలలు, నడకలు, వైద్యులు, అన్నియు నందున్నవి. గిట్టకు ఇనుము గొట్టుట లేదు. మేకుల లాడము తురుష్కుల రాకతో మన దేశమున వ్యాపించినదని పలువురు చరిత్రకారుల మతము. లాడము గొట్టువానికి నాల్‌బందు అను పేరు అరబ్బీ పారసీకములనుండి వచ్చినదే. ఐరోపాలోను అది సర్వసామాన్యమైనది మధ్యయుగములలోనే. అది పరాయిదగుటచే చెడ్డదని మేమనుట లేదు. అనాదిసిద్ధమని మాత్రము ఎవరును అనకుందురు గాక.

ఇక గిట్ట అననేమో చూతము. లాడమును నిందించువారును సమర్థించువారును సాధారణముగా చూడనిది ఆ యొక్కటియే. గిట్టయొక్క పైగోడ మన గోరువంటిది. పైన వెండ్రుకల యంచునుండి క్రిందికి నెలకు ఒక సెంటీమీటరునకు కొంచెము లోపుగా పెరుగును. ముంగాలి గిట్ట కొన పూర్తిగా క్రొత్తదగుటకు దాదాపు ఒక యేడు పట్టును. నేర్పరి కొట్టిన మేకు స్పర్శలేని యీ పొరలోనే దూఱును. కావున మేకు గొట్టుటయే హింసయని కన్నీరు విడుచువారు తమ గోళ్ళు తీసికొనునపుడు గూడ ఏడ్వవలసియుండును. హింస అచ్చట లేదు.

అడుగున అరికాలు కొంచెము గుంటగా వంగియుండును. మడమలనడుమనుండి ముందునకు పొడుచుకొనివచ్చు ముక్కోణపు మెత్తని భాగమును ఇంగ్లీషువారు కప్ప యని పిలిచెదరు. గ్రీకులు వానకోయిల యనిరట. పేర్లు పెట్టినవారి చూపులు ఎట్టివో కాని, పని మాత్రమొక్కటే. దానిపైన దిండువంటి కండరము లేని మెత్తని పదార్థము, దాని కిరుప్రక్కల మృదులాస్థులు ఉన్నవి. బరువు పడినపుడు మడమలు కొలదిగా విప్పారును, దిండు నొక్కుకొనును, అదటు తగ్గును, లోపలి సిరలలోని నెత్తురు పైకి త్రోయబడును. గుఱ్ఱమునకు నాలుగు గిట్టలును నాలుగు గుండెలని కొందఱు వ్రాయుచున్నారు, అది యలంకారము. కాని యీ సాగుటయు ముడుచుకొనుటయు నిజము. లోపలి యెముక సన్నని యాకులవంటి పొరలతో గోడకు అంటియుండును. గుఱ్ఱము బరువంతయు ఆ పొరలమీదనే వ్రేలాడుచున్నదనవచ్చును.

ఇట్లు కదలునట్టి పాత్రకు కదలని యినుమును బిగించిన నేమగును? లండను పశువైద్యకళాశాల తొలినాటి విద్యార్థులలో నొకడైన బ్రేసీ క్లార్కు ఈ ప్రశ్నను పట్టుకొనెను. 1809లో ఆయన ప్రకటించిన గ్రంథములో గిట్టకు సాగుగుణము కలదని చూపి, లాడము కొట్టని నాటి యొక యాడుగుఱ్ఱపు పాదమునకు అచ్చు తీసి, లాడము కొట్టిన పిమ్మట ఏటేట మరల అచ్చులు తీసి, మడమలు క్రమముగా సన్నగిల్లుటను కన్నులకు గట్టించెను. ఆనాటి వారాయనను మెచ్చినదానికంటె వెక్కిరించినదే హెచ్చు. తరువాతి నాల్‌బందులలో తెలివిగలవారు మేకులను ముందుసగములోనే కొట్టి మడమలకు చోటు విడుచుట నేర్చిరి. వారియెడ మాకు గౌరవము కలదు. ఐనను లాడము వేసిన గిట్ట అరుగదు, పెరుగుట మానదు. కావున ఆరు మొదలు ఎనిమిది వారముల కొకమారు తీసి చెక్కి మరల కొట్టవలయును. పెండ్లిగుఱ్ఱమునకు దసరా మొదలు మాఘము వఱకు ఒకటే లాడము. న్యాయవాది మిత్రుడు కోరినట్లు రేపు క్రొత్తది కొట్టించినను అది వచ్చు దసరా వఱకు నుండును. అప్పుడు మడమ లెట్లుండును?

ఇంతవఱకు వరుని తమ్ముడు మా వ్రాత చదివి సంతోషించుచుండును. అతనితోను మాకు తగవున్నది.

జెనొఫను గ్రంథమునే మరల తెఱువుడు. తడిసిన నేల, నునుపైన నేల మంచి గిట్టలను గూడ చెఱచునని ఆయన హెచ్చరించెను. శాలలో తడి నిలువకుండ వాలు కల్పింపవలెననియు, శాలయెదుట నాలుగైదు బండ్ల గుండ్రని రాళ్ళు, గుప్పెడేసి ప్రమాణము గలవి, పోయించి గుఱ్ఱమును వానిపై నిలువబెట్టవలెననియు చెప్పెను. గుఱ్ఱము ఊరక నిలువదు గదా! ఈగలను తోలుకొనుచు కాళ్ళు కదపుచునే యుండును. అదియే దానికి రాతిబాటపై నడక. కౌటిల్యుడును గుఱ్ఱము నిలుచుచోట నున్నని పలకలు పఱపించి మూత్రపురీషములు వెడలుటకు దారి యుంచవలెనని విధించెను. ఇరువురును చూచినది పాదమును మాత్రమే కాదు. పాదము నిలుచు చోటును.

మన పెండ్లిగుఱ్ఱ మెచ్చట నిలుచును? ఆ యజమాని యింటి వెనుక రేకులకప్పు క్రింద, గచ్చుమీద, తన మూత్రములోనే, పెండ్లి లేని దినములలో దాదాపు పగలు రేయి. ఆస్ట్రేలియా లోపలి యెడారులలో మచ్చికలేని గుఱ్ఱముల మెడలకు పరికరములు కట్టి లెక్కించిన పరిశోధకులు అవి సగటున దినమునకు సుమారు 16 కిలోమీటర్లు తిరుగుచున్నవని 2010లో ప్రకటించిరి. ఇది పదునాఱడుగులైనను తిరుగదు. లాడము తీసినను గచ్చు గచ్చే, తడి తడే, కుళ్ళు కుళ్ళే.

తిండి మాటయు నంతే. 13వ శతాబ్దపు చివర మన తూర్పుతీరమునకు వచ్చిన మార్కోపోలో, తమిళతీరపు రాజులు ఏటేట వేలకొలది గుఱ్ఱములను సముద్రముపై తెప్పించుకొనియు ఏడాది తిరుగునప్పటికి నూఱైనను మిగిల్చుకొనలేకపోవుచున్నారని వ్రాసెను. ఉడికించిన యన్నమును మాంసమును పెట్టుదురనియు, గుఱ్ఱముల పోషణ తెలిసినవారు లేరనియు, తెలిసినవారిని వర్తకులు అచ్చటికి పోనీయరనియు అతని మాట. చచ్చిన కొలది క్రొత్తవి అమ్ముడగును గదా! లెక్కలో అతిశయోక్తి యుండవచ్చును, విషయమున లేదు. గడ్డి మేయుటకు పుట్టిన జంతువునకు గింజయు తీపియు మితిమీఱినచో ఎముకను గోడకు పట్టియుంచు ఆ యాకులవంటి పొరలు వాచును. లామినైటిసు అని వైద్యులు పిలుచు నీ వ్యాధి ముదిరినచో ఎముకయే క్రిందికి దిగును, గుఱ్ఱము నిలువలేదు. కట్టుకొయ్యకు కట్టివేసిన గుఱ్ఱమునకు శేరులకొలది ఉలవలు పెట్టుట ప్రేమయని మనవా రనుకొందురు. ఆ రాత్రి మేము చూచుచుండగనే ముగ్గురు పిల్లలు దానికి లడ్డూలు తినిపించిరి. తల్లులు ఫోటోలు తీసిరి.

అడవిగుఱ్ఱముల యుపమానమును గూడ మితముగా వాడవలయును. జెయిమీ జాక్సను అను అమెరికా నాల్‌బందు 1982 మొదలు 1986 వఱకు ఆ దేశపు గ్రేటు బేసిను ఎడారిలో తిరుగు గుఱ్ఱములను చూచి, వాని గిట్టలు కుఱుచగా, గట్టిగా, అంచులు గుండ్రముగా నుండుట గుర్తించి తన వృత్తినే మార్చుకొనెను. 1992లో గ్రంథము వ్రాసెను. నేటి పాదరక్షారహిత సంప్రదాయమున కది మూలములలో నొకటి. కాని ఆ గిట్టలను చెక్కినది ఎండిన రాతినేల. న్యూజిలాండులోని కైమనావా గుఱ్ఱములకును లాడములు లేవు; 2010లో ప్రకటింపబడిన పరిశీలనలో వాని గిట్టలలో లోపములు మెండుగా కనబడెను. ప్రకృతి యనునది ఒకే చోట ఒకే విధముగా నుండు గురువు కాదు.

మా యెఱుకలోనే యొక స్వారీశాలవారు ఇట్టి గ్రంథము చదివి ఒక్కదినమున అన్ని గుఱ్ఱముల లాడములు పీకించి మఱునాడే కంకరబాటపై తోలిరి. ఏండ్లతరబడి ఇనుముపై నిలిచిన గుఱ్ఱపు అరికాలు పలుచన; దానికి గట్టిపడుటకు కొన్ని వారములో, కొన్ని నెలలో పట్టును. అందులో రెండు గుఱ్ఱములు నెలలతరబడి కుంటినవి. వారు మరల లాడములు కొట్టించి, సహజపద్ధతి మోసమని ప్రచారము చేయుచున్నారు. ఆ తప్పు పద్ధతిది కాదు, తొందఱది. లాడము తీసిన గిట్టను నాలుగైదు వారముల కొకమారు తెలిసినవాడు చెక్కి అంచు గుండ్రము చేయవలెను. రాళ్ళదారిలో రబ్బరు జోడు తొడిగి, ఇంటికి రాగానే విప్పవలెను. గింజ తగ్గించి గడ్డి పెంచవలెను. అన్నిటికంటె ముఖ్యముగా నడిపింపవలెను. ఇవి చేయువారికి ఫలము లేకపోలేదు. అమెరికాలోని హ్యూస్టను నగరపు పోలీసు గుఱ్ఱములు ఈ శతాబ్దపు తొలి దశకమునుండి లాడములు మాని నగరవీథులలోనే తిరిగినవి. 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్సులో దాటుపోటీల స్వర్ణము గెలిచిన స్వీడను జట్టున మూడు గుఱ్ఱములలో రెండింటికి లాడములు లేవు. ఐతే అవి మెత్తని మైదానమున దుమికినవని, వాని పోషణకు సేవకులు వైద్యులు కలరని మఱవరాదు.

మా చిన్నతనమున మమ్ము స్టేషనుకు తీసికొనిపోవు జట్కా సాయిబు తాతను లాడమెందుకని యడిగియుంటిమి. "లాడం లేకపోతే రోడ్డే డెక్కను తినేస్తది బాబూ" అనెను. ఆయన మాట తప్పు కాదు. దినమంతయు తారురోడ్డుపై బరువు లాగు గుఱ్ఱమునకు పెరుగుట కంటె అరుగుట యెక్కువ కావచ్చును. దానికి సకాలమున మార్చు మంచి లాడమే దయ. కాని ఏడాదిలో కొన్ని రాత్రులు మాత్రమే నడచి తక్కిన కాలమంతయు నిలువబడు గుఱ్ఱమునకు ఆ న్యాయము చెల్లదు. దాని డెక్కను తినునది రోడ్డు కాదు, లాయము.

మఱునాడు పశువైద్యుని పిలిపించి ఆ పాతలాడము తీయించి, కుళ్ళు శుభ్రము చేయించితిమి. గాయము మానువఱకు గుఱ్ఱమును పెండ్లికి త్రిప్పనని యజమాని మాట యిచ్చెను. ఇంగ్లండులో వేటగుఱ్ఱములకు వేటకాలము గడచినంతనే లాడములు తీసి పచ్చికలో విడుచు నాచారము కలదని, అట్లే ముహూర్తములు లేని యాషాఢములో లాడములు తీసి చెఱువుగట్టున త్రిప్పుమని అతనికి మేము గంభీరముగా ఉపదేశించితిమి. అతడు నవ్వెను.

"ఆషాఢంలో అంతా బురదండీ మాస్టారూ, డెక్క ఇంకా మెత్తబడుతుంది. పుష్యంలో అయితే నేల గట్టిగా ఉంటుంది, ముహూర్తాలూ ఉండవు. ఆ సంగతి నాకు తెలుసు. కాని ఆ నెల దాణా ఎవరిస్తారండీ?"

ఆ రాత్రి కాల్చిన బాణసంచా ఖర్చు వరుని తండ్రి మాకు స్వయముగా చెప్పియుండెను. అది ఆ గుఱ్ఱమునకు ఒక నెల దాణాకు, గిట్టలు చెక్కువాని కూలికిని చాలి మిగులును. ఈ మాట ఆయనతో చెప్పి, పుష్యమునకు ఆ సొమ్మిండని యడిగితిమి. ఆలోచింతుమనిరి. ఇంకను ఆలోచించుచున్నారు.